శిక్షితులు కట్టిన సిడ్నీ

ఒక దేశమువారు తమ కరెన్సీ నోటుపై ఎవరి ముఖమును ముద్రింతురు? రాజులను, దేశనాయకులను, కవులను ముద్రించుట లోకమున వాడుక. ఆస్ట్రేలియా దేశమున 1966వ సంవత్సరమున మొదటిసారిగా డాలరు నోట్లు వెలువడినప్పుడు, పది డాలర్ల నోటుపై ఒక ప్రక్కన కనబడిన ముఖము దొంగ దస్తావేజు సృష్టించి మరణశిక్ష పొందినవానిది. అతని పేరు ఫ్రాన్సిస్ గ్రీన్‌వే. 1993లో క్రొత్త నోటు వచ్చువరకు ఆ ముఖమే జనుల చేతులలో తిరుగుచుండెను. దొంగపత్రము వ్రాసినవాని బొమ్మను నోటుపై వేయుటలోని చమత్కారము ఎవరికైనను నవ్వు తెప్పించును. కాని ఆ దేశమువారు అతని నేల గౌరవించిరో తెలిసికొనవలెనన్న సిడ్నీ నగరపు పాత వీథులలో కొంతదూరము నడువవలెను. విద్యార్థులారా! ఈ వ్యాసమున మిమ్ము అచ్చటికి కొనిపోవుదును.

సిడ్నీ నగరము ఆస్ట్రేలియా ఖండపు ఆగ్నేయతీరమున, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమునకు రాజధానియై యున్నది. సముద్రము కొండల నడుమకు చేతివ్రేళ్లవలె చొచ్చుకొని వచ్చుటచే ఏర్పడిన సహజమైన నౌకాశ్రయము దానికి ప్రాణము. 1788 జనవరి 26వ తేదీన ఆర్థర్ ఫిలిప్ అను నౌకాదళాధికారి 11 ఓడలతో ఆ రేవున దిగి ఆంగ్లేయుల వలసను నెలకొల్పెను. ఓడలలో వచ్చినవారిలో పెక్కురు శిక్షితులు. ఆ కాలమున ఇంగ్లాండులో చిన్న దొంగతనములకు కూడ ద్వీపాంతరవాస శిక్ష విధించుచుండిరి. 1788 మొదలు 1868 వరకు ఆస్ట్రేలియాకు ఇట్లు పంపబడిన స్త్రీపురుషులు సుమారు 1,60,000 మంది.

ఆ రేవు ఒడ్డు నిర్జనప్రదేశము కాదు. గాడిగల్ అను మూలవాసులు అచ్చట వేలయేండ్లుగా చేపలు పట్టుకొనుచు జీవించుచుండిరి. వారు తిని పారవేసిన ఆల్చిప్పలు, గుల్లలు తీరమున దిబ్బలుగా పేరుకొనియుండెను. క్రొత్తగా వచ్చినవారికి ఇటుకలకు మట్టి దొరకెను, గోడలకు రాయి దొరకెను గాని సున్నపురాయి మాత్రము దొరకలేదు. సున్నము లేనిదే గోడ నిలువదు గదా! అందుచే వారు ఆ దిబ్బలను త్రవ్వి, గుల్లలను కాల్చి గుల్లసున్నము చేసికొనిరి. సముద్రతీర గ్రామములలోని మన పెద్దలకు గుల్లసున్నము క్రొత్త కాదు. కాని ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. గాడిగల్ ప్రజల అనాది కాపురమునకు సాక్ష్యములైన ఆ దిబ్బలే బూడిదయై తెల్లవారి గోడలలో కలసిపోయెను. నేడు ప్రపంచ ప్రసిద్ధమైన ఆపెరా భవనము నిలిచియున్న భూశిరమును ఆనాడు సున్నము కాల్చువారి కొన అని పిలిచెడివారు. సిడ్నీలోని మిక్కిలి పాత కట్టడములను చూచునప్పుడు ఈ సంగతి మరువరాదు.

మొదటి ఇరువది యేండ్లలో కట్టిన ఇండ్లలో చాల భాగము నిలువలేదు. ఊరు నగరముగా మారినది 1810లో గవర్నరుగా వచ్చిన లాక్లన్ మాక్వరీ కాలమున. ఇతడు మన దేశమున పెక్కేండ్లు సైనికోద్యోగము చేసినవాడు. 1792లోను, 1799లోను శ్రీరంగపట్టణపు ముట్టడులలో పాల్గొనినవాడు. మైసూరు ప్రాంతపు విద్యార్థులు ఈ సంగతిని ప్రత్యేకముగా గుర్తుంచుకొందురు గాక. సిడ్నీలో ఆసుపత్రి, దీపస్తంభము, న్యాయస్థానము, దేవాలయము అన్నియు కావలెనని అతని కోరిక. లండను ప్రభుత్వమునకో, ఖైదీల ఊరికి సొగసులేల యని అభిప్రాయము. డబ్బు పంపుటకు వారు సమ్మతింపలేదు.

అప్పుడు మాక్వరీ విచిత్రమైన ఉపాయము పన్నెను. ముగ్గురు వర్తకులతో ఒడంబడిక చేసికొని, వారు తమ ఖర్చుతో ఆసుపత్రి కట్టించినచో మూడేండ్లలో 45,000 గ్యాలనుల రమ్ము దిగుమతి చేసికొని అమ్ముకొను హక్కునిత్తునని చెప్పెను. ఇట్లు సారాయి లాభముతో రోగులకు నీడ ఏర్పడెను. 1816లో పూర్తియైన ఆ భవనమును జనులు నేటికిని రమ్ము ఆసుపత్రి యనియే పిలుతురు. దాని ముందుభాగమున రెండంతస్తులకును విశాలమైన వరండాలు కలవు. ఇంగ్లాండువంటి చలిదేశమున అట్టివి అరుదు. హిందూదేశపు దండు భవనములను చూచిన కండ్లతో మాక్వరీ వీనిని కట్టించెనని పలువురు భావింతురు. నడిమి భవనము బలహీనమై 19వ శతాబ్దిలోనే కూలద్రోయబడినది. రెండు రెక్కలు మాత్రము మిగిలినవి. ఉత్తరపు రెక్కలో 1829 నుండి రాష్ట్ర శాసనసభ కూర్చుండుచున్నది. దక్షిణపు రెక్క 1855 మొదలు 1926 వరకు టంకసాలగా నుండెను.

ఈ ఆసుపత్రి పనితనమును పరీక్షించుటకు మాక్వరీ నియమించిన వారిలో ఒకడు గ్రీన్‌వే. అతడు గోడలలోను, కప్పులోను పెక్కు లోపములను చూపెను. ఇక అతని కథ వినుడు.

గ్రీన్‌వే 1777లో ఇంగ్లాండులోని బ్రిస్టలు పట్టణ సమీపమున తాపీపనివారి కుటుంబమున పుట్టెను. వాస్తుశిల్పమును చక్కగా అభ్యసించి పేరు గడించెను గాని వ్యాపారమున దెబ్బతిని 1809లో దివాలా తీసెను. పిదప ఒక ఇంటి ఒడంబడికపై తనకు అధికమైన సొమ్ము రావలసియున్నట్లు దొంగవ్రాత వ్రాసి పట్టుబడెను. 1812లో విచారణ జరిగెను; అతడు నేరమును ఒప్పుకొనెను. విధింపబడిన శిక్ష ఉరి. తరువాత దానిని పదునాలుగేండ్ల ద్వీపాంతరవాసముగా తగ్గించిరి. 1814 ఫిబ్రవరిలో అతడు శిక్షితుల ఓడలో సిడ్నీ చేరెను.

చేరిన క్రొత్తలోనే ఒక చిత్రమైన సంఘటన జరిగెను. మాక్వరీ ఒక పుస్తకమును అతనికిచ్చి, అందలి ఒక భవనపు నమూనాను యథాతథముగా గీసి యిమ్మని కోరెను. సంకెల తప్పించుకొనుటకు ఇట్టి అవకాశము దొరకినచో మరియొకడు కండ్లకద్దుకొనియుండును. గ్రీన్‌వే అట్లు చేయలేదు. సరియైన పొందిక లేని భవనమును నకలు చేయుట వృత్తి తెలిసిన తన మనస్సునకు కష్టముగా నున్నదని గవర్నరునకు లేఖ వ్రాసెను! గవర్నరు చిరచిరలాడెను గాని ఆ పొగరు వెనుక విద్య గలదని గ్రహించెను. 1816లో దినమునకు మూడు షిల్లింగుల జీతముపై గ్రీన్‌వేను ప్రభుత్వ వాస్తుశిల్పిగా నియమించెను. శిక్ష అనుభవించుచున్న ఖైదీయే ఆ వలసయంతటికి ప్రభుత్వ శిల్పి యయ్యెను.

అతని మొదటి పెద్దపని రేవు ముఖద్వారమున దీపస్తంభము. స్థానికముగా దొరకిన ఇసుకరాయి మెత్తనిది, గాలికి రాలిపోవునని గ్రీన్‌వే ముందే హెచ్చరించెను. అయినను పని సాగెను. 1818 నవంబరులో దీపము వెలిగెను. కొలది యేండ్లకే రాళ్లు రాలజొచ్చెను. ఇనుప పట్టీలు బిగించి నిలిపిరి. తుదకు 1883లో జేమ్స్ బార్నెట్ అను ప్రభుత్వ శిల్పి ఆ ప్రక్కనే అదే రూపమున మరియొక స్తంభమును కట్టెను. నేడు మనము చూచునది ఈ రెండవది. నమూనా గ్రీన్‌వేది, రాయి మాత్రము బార్నెట్‌ది.

అతని కట్టడములలో నన్ను మిక్కిలి ఆకర్షించునది హైడ్ పార్క్ బారక్స్. అంతవరకు శిక్షితులు పగలు ప్రభుత్వపు పని చేసి, రాత్రులు ఊరిలో ఎచ్చటనో తలదాచుకొనుచుండిరి. వారినందరిని ఒకచోట నుంచి అదుపులో పెట్టుటకై మూడంతస్తుల ఇటుక భవనము కట్టబడెను. కట్టినవారు శిక్షితులు, నమూనా గీసినవాడు శిక్షితుడు, అందుండవలసినవారును శిక్షితులే. 12 గదులలో 600 మందికి చోటు. మంచములు లేవు, కొయ్య చట్రముల నడుమ వరుసగా వ్రేలాడగట్టిన గుడ్డ ఊయలలే పడకలు. కొన్ని కాలములలో దీనికి రెట్టింపు మంది అచ్చట క్రిక్కిరిసి యుండిరి. తప్పు చేసినవారిని కొరడాలతో కొట్టుచుండిరి. భవనము అందమైనదని చెప్పునప్పుడు ఇదియు చెప్పవలసియున్నది.

అందమైనదనుటలో సందేహము లేదు. అలంకారములు దాదాపు లేవు. వెడల్పైన పీటగోడ, సమానమైన దూరములలో కిటికీలు, గోడకంటిన పలుచని ఇటుక స్తంభములు, ముఖభాగమున నడుమ గడియారము, అంతే. ఎరుపు ఇటుకకు ఇసుకరాయి అంచు ఎంత చక్కగా అమరినదో చూచినగాని తెలియదు. గడియారము పైని మాక్వరీ పేరు, 1817 అను సంవత్సరము చెక్కబడియున్నవి. శిల్పి పేరు లేదు. 1819 జూన్ 4న, రాజు జన్మదినమున, భవనప్రవేశము జరిగెను. ఖైదీలందరికి విందు చేసిరి. ఆ సందర్భముననే గ్రీన్‌వేకు సంపూర్ణ క్షమాభిక్ష లభించెను.

1848లో శిక్షితులు బయటికి తరలింపబడిన పిమ్మట ఆ భవనము వలస వచ్చు స్త్రీలకు విడిదియయ్యెను. ఐర్లండు దేశమున ఉర్లగడ్డ పంట కుళ్లి గొప్ప కరవు వచ్చినప్పుడు అనాథలైన బాలికలు వేలమంది ఆస్ట్రేలియాకు పంపబడిరి. సిడ్నీకి వచ్చినవారు మొదట అడుగుపెట్టిన ఇల్లు ఇదే. వారిలో పెక్కుమంది మీ వయస్సువారు. 1862 నుండి మీదియంతస్తు దిక్కులేని ముసలి స్త్రీలకు ఆశ్రయముగా నుండెను. 1886 తరువాత న్యాయస్థానములు, కార్యాలయములు వచ్చినవి. ఒక్క భవనము ఇన్నివిధముల వాడబడుట వలననే అది నిలిచినదేమో!

ఆ స్త్రీల చరిత్ర ఎట్లు తెలిసినదో వినిన ఆశ్చర్యపడుదురు. వారెవ్వరును గ్రంథములు వ్రాయలేదు. సుమారు 1980 ప్రాంతమున మరమ్మతులకై నేలపలకలను ఎత్తినప్పుడు క్రింద ఎలుకల గూళ్లు బయల్పడెను. దారము, గుడ్డపేలికలు, సూదులు, కాగితపు ముక్కలు, పొగాకు గొట్టములు, జపమాలలు మున్నగునవి తరతరములుగా ఎలుకలు లాగుకొనిపోయి దాచినవి. పొడిగా నున్న ఆ చోట అవి చెడలేదు. సర్కారు దస్తావేజులలో పేరు మాత్రమే మిగిలినవారి దినచర్యను ఎలుకలు భద్రపరచినవి. నేడు భవనము వస్తుప్రదర్శనశాలగా నున్నది. అచ్చటివారు ఆ ఎలుకల కృషిని తగినట్లు గౌరవింతురు. ఆస్ట్రేలియాలోని 11 శిక్షిత స్థలములలో ఒకటిగా 2010లో ఐక్యరాజ్య సమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

గ్రీన్‌వే తరువాతి కట్టడములు అతనికి చిక్కులు తెచ్చినవి. గవర్నరు గుర్రములకై కోటబురుజులతో గొప్ప సాల కట్టెను. గుర్రములకు రాజప్రాసాదమేల యని జనులు పరిహసించిరి. (అది ఇప్పుడు సంగీత కళాశాల.) 1819లో లండను ప్రభుత్వము పంపిన విచారణాధికారి బిగ్ దొర ఖర్చులను చూచి మండిపడెను. కట్టుచున్న న్యాయస్థానమును మధ్యలో దేవాలయముగా మార్పించెను. అదే సెయింట్ జేమ్స్ దేవాలయము, బారక్స్‌కు ఎదురుగా నిలిచియున్నది. మాక్వరీ వెడలిపోయెను. 1822లో గ్రీన్‌వే ఉద్యోగము పోయెను. 1837లో పేదరికమున మరణించెను.

అటుపిమ్మటి కాలమునందలి కట్టడములను త్వరగా చూతము. బంగారు గనులు దొరకిన పిదప నగరము సంపన్నమయ్యెను. పిర్మాంట్ అను చోట తేనెరంగు ఇసుకరాయి గనులు మూడు కలవు. రాయి త్రవ్వువారు వానికి స్వర్గము, పాపక్షాళన స్థలము, నరకకూపము అని పేర్లు పెట్టుకొనిరి. రాయి మేలిమిని బట్టియు, త్రవ్వుటలోని కష్టమును బట్టియు పెట్టిన పేర్లవి. బార్నెట్ నిర్మించిన జనరల్ పోస్టాఫీసు ఇట్టి రాతిదే. దాని గోడలపై దేవతలను గాక, ఆనాటి సామాన్యులను వారి వారి దుస్తులతోనే చెక్కించిరి. పెద్దమనుష్యులకు అది నచ్చలేదు; వాని మీద గొప్ప రభస జరిగెను. బార్నెట్ లొంగలేదు. ఆ శిల్పములు నేటికిని అట్లే యున్నవి. 1942లో వైమానిక దాడులకు వెరచి ఆ భవనపు గడియార గోపురమును విప్పివేసిరి. 1960 దశకమున మరల నిలుపుచు గంటను చూడగా లోపల సుద్దతో శాశ్వతత్వమను అర్థము గల ఆంగ్లపదము వ్రాసియుండెను. అది ఆర్థర్ స్టేస్ అను పేదవాని దస్తూరి. అతడు ముప్పదియేండ్లకు మించి తెల్లవారుజామున నగరపు కాలిబాటలపై ఆ ఒక్క మాటనే వ్రాయుచు తిరిగెను. గంటలోనికి ఆ వ్రాత ఎట్లు వచ్చినదో!

1898లో పూర్తియైన క్వీన్ విక్టోరియా భవనము ఒక వీథి పొడవునంతటిని ఆక్రమించియున్న పెద్ద అంగడి. శిల్పి జార్జి మక్రే. ఆర్థిక మాంద్యమున పనిలేక యున్న రాతిపనివారికి, రంగుటద్దముల పనివారికి దానివలన జీవనోపాధి దొరకెను. నడుమ గొప్ప గుమ్మటము కలదు. ఈ భవనమునకు పట్టిన దశ మన కథను మరియొక మలుపు త్రిప్పును.

సిడ్నీవారు పాతవానిని ఎల్లప్పుడును కాపాడుకొనలేదు. ఫిలిప్ కట్టించిన మొదటి గవర్నరు గృహమును 1840 దశకమున నేలమట్టము చేసిరి. 1983లో దాని పునాదులు బయల్పడినవి. 1841 నాటి బర్డెకిన్ గృహమును 1933లో కూల్చిరి. 1957లో భవనముల ఎత్తుపై నుండిన 150 అడుగుల పరిమితి తొలగినది. అంతట గాజు మేడలు ఆకాశమునకు లేచినవి. 1959లో క్వీన్ విక్టోరియా భవనమును పడగొట్టి కార్లు నిలుపు స్థలముగా చేయవలెనని నగర మేయరే ప్రతిపాదించెను. పౌరులు ఆందోళన చేసిరి. 1971లో గాని దానిని ఉంచుటకు నిర్ణయము కాలేదు. 1986లో అది మరమ్మతై మరల తెరువబడెను.

అంతకన్న పెద్ద పోరు రాక్స్ అను పాత పేటలో జరిగెను. 1788లో మొదటి గుడారములు వేసిన గుట్ట అది. ఓడరేవు కూలీలు, నావికులు తరతరములుగా కాపురమున్న ఇరుకు సందులు. 1900లో ప్లేగు వచ్చినప్పుడు ప్రభుత్వము ఆ పేటను స్వాధీనము చేసికొని కొన్ని ఇండ్లను పడగొట్టెను. 1932లో పూర్తియైన గొప్ప వంతెనకై మరి కొన్ని వందలు పోయినవి. మిగిలినవానిని కూడ తీసివేసి ఆకాశహర్మ్యములు కట్టుటకు 1970 నాటికి పథకము సిద్ధమయ్యెను. ఇండ్లవారు అర్జీలు పెట్టుకొనిరి, ఫలితము లేదు.

వారికి సహాయమునకు వచ్చినవారు వాస్తుశిల్పులు కారు, చరిత్రకారులు కారు. కట్టడముల కూలీల సంఘము. ఇటుకలు మోయువారు, గుంటలు త్రవ్వువారు, పాతగోడలు పడగొట్టువారు అందలి సభ్యులు. దాని కార్యదర్శి జాక్ మండీ. 1971లో హంటర్స్ హిల్ అను చోట పదుమువ్వురు స్త్రీలు తమ ఊరి చిట్టడవిని కాపాడుమని ఈ సంఘమును కోరిరి. సంఘమువారు ఆ స్థలమున పని చేయమని తీర్మానించిరి. అదే మొదటి హరిత నిషేధము. స్థలమున నివసించు ప్రజలు సభ చేసి కోరినగాని నిషేధము విధింపరాదని వారి నియమము. తరువాతి మూడు నాలుగేండ్లలో నలువదికి మించి ఇట్టి నిషేధములు వెలువడినవి. రాక్స్ వానిలో ఒకటి.

దీనిలోని త్యాగమును మనము గ్రహింపవలెను. పడగొట్టిననే వారికి కూలి. క్రొత్త మేడ లేచిననే వారికి తిండి. అట్టివారు, పని మాత్రమే గాదు, ఏ పని చేయవలెనో చెప్పు హక్కు కూడ తమకు గలదని వాదించి, చేతికి వచ్చిన పనిని వదలుకొనిరి. యజమానులు కోపించిరి; పత్రికలు నిందించినవి. 1973 అక్టోబరులో రాక్స్‌లో ఇతరులను తెచ్చి కూల్చివేత మొదలుపెట్టగా మండీ అడ్డముగా కూర్చుండెను. పోలీసులు అతనిని ఎత్తుకొనిపోయిరి. ఆ నెలలోనే కొంతదూరమున, పాత సున్నపు కొనమీద, ఆపెరా భవనము ప్రారంభోత్సవము జరిగినది. దాని శిల్పి ఊట్జన్ 1966లోనే ప్రభుత్వముతో తగవుపడి దేశము విడిచియుండెను. తన భవనమును అతడు పూర్తియైన పిమ్మట ఎన్నడును చూడలేదు. గ్రీన్‌వే చరిత్ర చదివినవారికి ఇది వింతగా తోపదు.

1975లో సంఘపు జాతీయ నాయకులు సిడ్నీ శాఖను స్వాధీనపరచుకొనుటతో నిషేధములు చాలవరకు ముగిసినవి. కాని రాక్స్ పథకము అప్పటికే మారిపోయెను. పాత ఇండ్లలో పెక్కు మిగిలినవి. 1977లో రాష్ట్ర ప్రభుత్వము వారసత్వ సంరక్షణ చట్టము చేసెను. 1995లో చారిత్రక గృహముల సంరక్షణ సంస్థకు అధ్యక్షుని నియమింపవలసి రాగా ప్రభుత్వము ఆ పదవిని జాక్ మండీకే ఇచ్చెను. హైడ్ పార్క్ బారక్స్ ఆనాడు ఆ సంస్థ పోషణలోనే యుండెను. శిక్షితులు కట్టిన ఇంటికి పూర్వమొకనాడు పోలీసులు పట్టుకొనిపోయిన కూలి కావలియయ్యెను. 2020లో అతడు చనిపోయెను. రాక్స్‌లో ఒకచోటికి అతని పేరు పెట్టబడియున్నది.

రాక్స్ పోరాటపు ఫలముగా, ఇండ్లు కోల్పోవు పేటవారికై ప్రభుత్వము వంతెన ప్రక్కన సిరియస్ అను 79 ఇండ్ల భవనమును కట్టించియుండెను. అది పెట్టెలు పేర్చినట్లుండు కాంక్రీటు కట్టడము. చూచినవారిలో సగము మంది మెచ్చుకొనిరి, సగము మంది ఏవగించుకొనిరి. పేటలోని రాతియిండ్లు నేడు చక్కగా మరమ్మతై యున్నవి. అందు భోజనశాలలు, యాత్రికుల అంగళ్లు వెలసినవి. సిరియస్‌లోని అద్దెదారులను ఒక్కరొక్కరిగా వేరుచోట్లకు పంపిరి. కడపటివారు 2018లో తలుపు మూసి వెడలిరి. మరుసటి యేడు ఆ భవనము 15 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయెను.